ఆన్‌లైన్ వేలంలో పాత నాణేలు: ఎక్కడ కొనొచ్చు, ఎక్కడ పాడుకోకూడదు

పాత నాణేలు ఆన్‌లైన్‌లో అమ్ముడయ్యే చోట్లు ప్రధానంగా నాలుగు. నాణేలే వ్యాపారంగా పెట్టుకున్న వేలం సంస్థలు, ఈబే లాంటి బహిరంగ మార్కెట్లు, ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లో జరిగే పాటలు, చివరగా ‘ఈ నాణెం మీ దగ్గరుంటే లక్షలు మీవే’ అనే ప్రకటనలు. మొదటి చోట ధైర్యంగా కొనొచ్చు. రెండో చోట చూసుకుని కొనొచ్చు. మూడో చోట అమ్మేవాడు ఎవరో తెలిస్తేనే కొనాలి. నాలుగో దాని జోలికే పోకూడదు.

ఎక్కడైనా ముందుగా మూడు విషయాలు చూడండి. తూకం గ్రాముల్లో రెండు దశాంశాల వరకు రాశారా? అంచు ఫోటో పెట్టారా, లేదా అడిగితే పంపుతారా? నకిలీ అని తేలితే డబ్బు వెనక్కి ఇస్తామని రాతపూర్వకంగా చెప్పారా? వీటిలో ఒక్కటి తప్పించుకున్నా ఆ లాటు (పాటకు పెట్టిన సరుకు) మీద పాట పెట్టకండి. నాణెం ఫోటోలో ఎంత బాగున్నా సరే.

ముందు నాలుగో రకం సంగతి తేల్చేద్దాం. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5, 10 రూపాయల నాణేలు 2012లో వచ్చాయి. అవి మామూలు చెలామణీ నాణేలు, కోట్లలో ముద్రించినవి. వాటికి లక్షలు ఇస్తామనేవాడు నాణెం కోసం రాలేదు, మీ ఫోన్ నంబరు కోసం వచ్చాడు. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ, రిజర్వ్ బ్యాంకు అనుమతి అంటూ ఒక్కో మెట్టూ డబ్బు గుంజుతాడు. తన పేరు, లోగో వాడుకుని పాత నోట్లు, నాణేల వ్యాపారం చేస్తున్నవాళ్లతో తనకు సంబంధం లేదని, అలాంటి లావాదేవీలకు ఏ ఫీజూ కమీషనూ వసూలు చేయనని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. డబ్బు మీకు రావాలంటే మీరు క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని అసలే లేదు. డబ్బు పోయాక ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇదే కోవలోవి 1616, 1717, 1818 అని తేదీలు వేసి, ఒకవైపు రాముడో హనుమంతుడో, మరోవైపు ఈస్టిండియా కంపెనీ పేరో ఉన్న రాగి బిళ్లలు. దేవుళ్ల బొమ్మలతో ఇలాంటి అణాలు కంపెనీ ఎప్పుడూ ముద్రించలేదు. అవి తర్వాతి కాలంలో తయారైన ఉత్తుత్తి బిళ్లలు. మన రెండు రాష్ట్రాల్లో రైస్ పుల్లింగ్ పేరుతో జరిగిన మోసాల్లో బియ్యాన్ని లాగే ‘మహిమగల’ సరుకుగా చూపించేవాటిలో ఇవీ ఉన్నాయి. ఏ వేలం పట్టీలోనైనా ఇది ‘అరుదైన కంపెనీ నాణెం’ అని కనబడితే, ఆ అమ్మకందారు మిగతా సరుకు కూడా చూడకుండా బయటికి వచ్చేయండి.

ఇక మొదటి రకం. ముంబైలో టోడీవాలా, ఓస్వాల్, రాజ్‌గోర్స్, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్, అహ్మదాబాద్‌లో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ, అమెరికాలో స్టీఫెన్ ఆల్బమ్, హెరిటేజ్, లండన్‌లో నూనన్స్, స్పింక్. భారతీయ నాణేలు క్రమం తప్పకుండా పాటకు వచ్చే చోట్లు ఇవి. వీళ్ల క్యాటలాగులో పాలకుడు, టంకశాల, సంవత్సరం, లోహం, తూకం, ప్రామాణిక క్యాటలాగులో ఆ నాణెం సంఖ్య, నాణ్యత, అంచనా ధర వరసగా ఉంటాయి. ఈ వివరాలన్నీ రాసి ముద్రించడమంటే రేపు తప్పు తేలితే ఒప్పుకోవాల్సినవాడు దొరికాడని అర్థం. వీళ్ల దగ్గర దొరికే మరో గొప్ప వనరు పాత వేలాల ఫలితాలు. చాలా సంస్థల వెబ్‌సైట్లలో వెనకటి లాట్ల ఫోటోలు, అమ్ముడైన ధరలు చూడొచ్చు. ఒక్క పైసా ఖర్చు పెట్టకముందే మీకు కావలసిన నాణేనికి కనీసం ఐదారు అసలు నమూనాలు అక్కడ చూసి, ఫోటోలు దాచుకోండి. తర్వాత ఇంకెక్కడ కొన్నా ఆ ఫోటోలే మీకు కొలబద్ద.

వీళ్ల దగ్గరా చూసుకోవాల్సినవి ఉన్నాయి. పాట ఆగిన ధర మీరు కట్టే ధర కాదు. 20,000 దగ్గర పాట ఆగిందనుకుందాం. కొనుగోలుదారు కమీషన్ 15 శాతం అయితే 23,000, దాని మీద పన్ను, ఆపైన తపాలా, బీమా. కమీషన్ శాతం సంస్థను బట్టి మారుతుంది కాబట్టి నిబంధనల పేజీ మొదట చదివి, మీ గరిష్ఠ ధరలోంచి ఇవన్నీ తీసేశాకే పాట పెట్టాలి. నకిలీ అని తేలితే వాపసు ఎన్ని రోజుల్లో అడగాలి, ఎవరి అభిప్రాయం చెల్లుతుంది అన్నది కూడా ఆ పేజీలోనే ఉంటుంది. చాలామంది ఆ పేజీ తెరవనే తెరవరు. కొన్ని క్యాటలాగుల్లో నాణెం శుభ్రం చేసిన సంగతిని మెత్తటి మాటలతో దాటేస్తారు. అనేక నాణేల కట్టగా అమ్మే లాట్లకు వాపసు వర్తించదని రాసి ఉండటం కూడా మామూలే.

రీస్ట్రైక్ అన్న మాట కూడా వెతకండి. బ్రిటిష్ ఇండియా నాణేల్లో చాలా రకాలను కలకత్తా, బొంబాయి టంకశాలలు పాత అచ్చులతోనే సేకర్తల కోసం తర్వాతి కాలంలో మళ్లీ ముద్రించాయి. అవి నకిలీలు కావు, టంకశాల సరుకే. కానీ ఆ కాలంలోనే ముద్రించిన ప్రూఫ్ నాణెం (మెరుగుపెట్టిన అచ్చులతో ప్రత్యేకంగా కొట్టింది) ధర వాటికి రాదు. అద్దంలా మెరిసే నేపథ్యం, పదునైన అంచులు చూసి మురిసిపోయి అసలు ధర పెడితే నష్టం కొన్నవాడిదే.

ఈబే లాంటి బహిరంగ మార్కెట్‌లో పరిస్థితి వేరు. అక్కడ వాపసు రక్షణ వెబ్‌సైటుది, నాణెం గురించిన పరిజ్ఞానం మాత్రం మీదే. ఈబేలో చెప్పిన సరుకు కాకపోతే సాధారణంగా 30 రోజుల లోపు ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఆ రక్షణ వెబ్‌సైటు ద్వారా డబ్బు కట్టినప్పుడే ఉంటుంది. ‘కమీషన్ తగ్గుతుంది, నేరుగా పంపండి’ అన్నవాడు మీ రక్షణను తీసేస్తున్నాడు. అమెరికాలో 1973 నాటి చట్టం ప్రకారం నాణేల అనుకరణ మీద ‘కాపీ’ అన్న ముద్ర ఉండాలి. ఆ ముద్ర లేకుండా బయటి దేశాల నుంచి వచ్చే నకిలీలు మాత్రం తక్కువేమీ కావు.

ఇలాంటి చోట ఫోటో చదవడం రావాలి. సూటిగా పైనుంచి తీసిన ఒకే ఫోటో సరిపోదు. వెలుగు ఒక పక్క నుంచి పడేలా నాణేన్ని వంచి తీసిన చిన్న వీడియో అడగండి. యంత్రం మీద ముద్రించిన, వాడకంలో అరగని వెండి నాణేన్ని తిప్పితే మెరుపు బండిచక్రం ఆకుల్లా చుట్టూ తిరుగుతుంది. లోహం అచ్చు కింద నలిగి బయటికి పారినప్పుడు ఏర్పడే సన్నని గీతల వల్ల వచ్చే మెరుపది. పోతపోసిన నకిలీకి అది రాదు. ఉపరితలం సబ్బు బిళ్లలా నునుపుగా, అక్షరాల మూలలు గుండ్రంగా ఉంటాయి. భూతద్దంలో చూస్తే అక్షరాల పక్కన సూదిమొన అంత గుంటలు, చిన్న బొడిపెలు. అంచు చుట్టూ అరగదీసిన అతుకు గీత.

అన్నిటికంటే గట్టి ఆధారం జంట గుర్తులు. పోత నకిలీ దేన్ని చూసి చేశారో ఆ నాణెం మీది గీతలు, దెబ్బలు కూడా అందులోకి వచ్చేస్తాయి. రాణి చెంప మీద ఒక గంటు, అంచు దగ్గర ఒక నొక్కు, రెండు వేర్వేరు లాట్లలో అదే చోట అదే ఆకారంలో కనిపిస్తే రెండింటిలో కనీసం ఒకటి నకిలీ, బహుశా రెండూ. అందుకే అమ్మకందారు ఇదివరకు అమ్మినవన్నీ తెరిచి చూడాలి. ఒకే ‘అరుదైన’ నాణెం నెలకు నాలుగు అమ్మేవాడి దగ్గర ఈ గుర్తులు తప్పక వెతకండి. ఫోటోను ఇమేజ్ సెర్చ్‌లో వేసి, అది ఇంకెవరిదైనా వేలం క్యాటలాగు నుంచి ఎత్తిందేమో కూడా చూసుకోండి.

పాత తేదీ చూసి మోసపోయేవాళ్లు చాలామంది. విక్టోరియా 1862 రూపాయి అందుకు మంచి ఉదాహరణ. 1862 తర్వాత 1874 దాకా తేదీ మార్చకుండా అదే సంవత్సరంతో ముద్రించారు కాబట్టి ఆ నాణేలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో చుక్కల అమరికను బట్టి కొన్ని రకాలు అరుదు, మిగతావన్నీ వెండి ధరకు కొంచెం అటూ ఇటూ. ‘160 ఏళ్ల పురాతన నాణెం’ అన్న శీర్షికకు విలువ లేదు. 1911 అయిదో జార్జి రూపాయి కూడా అంతే. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందన్న అభ్యంతరంతో ఆపేసి, 1912లో బొమ్మ సరిచేశారు. కథ బాగుంటుంది, అసలు నాణేలు దొరుకుతాయి కూడా. అడిగే ధర మాత్రం చాలాచోట్ల కథకే.

నకిలీని పట్టుకోవడంలో ఒక్క పరీక్షను నమ్ముకోకూడదని చెప్పడానికి 1939 రూపాయిని మించింది లేదు. ఆరవ జార్జి బొమ్మతో బొంబాయిలో ముద్రించిన ఈ రూపాయి చాలా అరుదు, ధర కూడా అందుకు తగ్గట్టే. కాబట్టి దీన్ని ‘తయారుచేసే’ దారులూ ఎక్కువే. బ్రిటిష్ ఇండియా రూపాయి తూకం 11.66 గ్రాములు, 1939 దాకా వెండి 91.7 శాతం. 1940 నుంచి అదే తూకం, కానీ వెండి 50 శాతమే. మిగతాది రాగి, నికెల్, జింక్. ఆ మార్పుతో పాటే మామూలు గీతల అంచు బదులు మధ్యలో గాడి ఉన్న భద్రతా అంచు వచ్చింది.

ఇప్పుడు మోసం ఎలా చేస్తారో చూడండి. 1940ల రూపాయి మీద అంకెలు మార్చితే తూకం సరిపోతుంది, అంచు ఇట్టే పట్టించేస్తుంది. 1938 రూపాయిలో చివరి 8ని చెక్కి 9గా మార్చితే తూకం సరి, వెండి సరి, సాంద్రత సరి, అంచు కూడా సరి. నాణెం మొత్తం అసలుదే, ఒక్క అంకె తప్ప. ఇక్కడ పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం ఒక్కటే దిక్కు. 8 కింది సున్నాలో ఎడమ పక్కను గీకి తీసేసిన చోట నేపథ్యం చుట్టుపక్కల కంటే రవ్వంత పల్లంగా, గరుకుగా ఉంటుంది. మెరుపు అక్కడికి వచ్చేసరికి తెగిపోతుంది. నాణెమంతా ఒకే బూడిద రంగు పట్టి ఆ ఒక్క చోట తెల్లగా ఉన్నా, ఆ ఒక్క చోటే నల్లరంగు పూసినట్టున్నా అనుమానించాల్సిందే. తర్వాత ఆ 9 తోక వంపును, పక్కనున్న 3తో దాని ఎత్తును, వేలం సంస్థల పాత లాట్లలోని అసలు 1939 ఫోటోలతో పక్కపక్కన పెట్టి పోల్చాలి. అమ్మకందారు తేదీ దగ్గరి ఫోటో పంపనంటే అక్కడితో ఆపేయండి. ఈ నాణేన్ని గ్రేడింగ్ డబ్బా (నాణేన్ని పరీక్షించిన సంస్థ మూసి ఇచ్చే ప్లాస్టిక్ డబ్బా) లేకుండా ఆన్‌లైన్‌లో కొనడం మంచిది కాదు.

హైదరాబాద్ నాణేల్లో తికమక ఎక్కువ. చార్మినార్ రూపాయి తూకం 11.178 గ్రాములు, వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయి లెక్కలో దీన్ని తూచి ‘తక్కువుంది, నకిలీ’ అనేవాళ్లున్నారు. 11.66 గ్రాములని రాసి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ రాసినవాడు నాణెం తూచలేదని అర్థం. చార్మినార్ నడిమి ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ కాలానికి మీమ్, ఉస్మాన్ అలీఖాన్ కాలానికి ఐన్. హిజ్రీ 1329కి ముందు తేదీతో ఐన్ ఉంటే ఎక్కడో తేడా కొట్టినట్టే. ఉస్మాన్ అలీఖాన్ నాణేల మీద హిజ్రీ సంవత్సరంతో పాటు పాలనా సంవత్సరం కూడా ఉంటుంది. ఆయన గద్దెనెక్కింది హిజ్రీ 1329లో, అంటే 1911లో. కాబట్టి హిజ్రీ అంకెలోంచి పాలనా అంకె తీసేస్తే సాధారణంగా 1328 గానీ 1329 గానీ రావాలి. 1343లో 15 తీస్తే 1328, సరిపోయింది. ఉర్దూ అంకెలు పది నేర్చుకుంటే చాలు, ఈ లెక్క ఫోటో మీదే చేసేయొచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సైఫాబాద్ పాత టంకశాల మ్యూజియానికి ఒకసారి వెళ్లి కళ్లతో చూసొస్తే ఇంకా మంచిది.

బంగారు అష్రఫీ, వరహా, సవరను కొనేటప్పుడు ఇంకో చిక్కు. మన ఇళ్లలో కాసుల పేర్లకు కంసాలులు నాణేల నకళ్లు బంగారంతోనే పోస్తారు. గీటురాయి మీద గీసినా, మిషన్‌లో పెట్టినా బంగారం అసలే అని వస్తుంది. బంగారం అసలైనంత మాత్రాన నాణెం అసలైనది కాదు. నాణెం పైభాగాన, అంటే పన్నెండు గంటల చోట, అంచు మీద టంకం మచ్చ గానీ అరగదీసిన గుర్తు గానీ ఉందేమో చూడాలి. ఉంటే అది పతకంగా వేలాడిన నాణెం, అసలుదైనా ధర బాగా తగ్గాలి. విజయనగర వరహా తూకం 3.4 గ్రాముల దగ్గర, అరవరహా 1.7 దగ్గర. కృష్ణరాయల వరహా మీద నాగరి లిపిలో ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ అని మూడు వరసల్లో ఉంటుంది. చేత్తో ముద్రించినవి కాబట్టి అచ్చు సరిగ్గా మధ్యలో పడటం అరుదు. మధ్యలో చక్కగా కూర్చుని, చుట్టూ సమానంగా అంచు వదిలిన రెండు మూడు వరహాలు ఒకేలా కనిపిస్తే వాటిని వదిలేయడమే మేలు.

శాతవాహనుల వెండి నాణేలు, రాజు ముఖం ఉన్నవి, కొత్తవాళ్లు ఆన్‌లైన్‌లో కొనకపోవడమే మంచిది. సుమారు రెండు గ్రాముల చిన్న నాణేలు, నకిలీలు విపరీతం. సీసం నాణేలైతే ధర తక్కువ కాబట్టి మోసం కూడా తక్కువ. ఇంకో మాట, ‘మా పొలంలో దొరికింది’ అనేది అమ్మకందారు గొప్పగా చెప్పుకునే మాట కాకూడదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయల విలువ దాటిన నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలి. ఆ మాట నిజమైతే చట్టం అడ్డం, అబద్ధమైతే నాణెమే అనుమానం.

గ్రేడింగ్ డబ్బాల గురించి. ఎన్‌జీసీ, పీసీజీఎస్ అనే రెండు అమెరికా సంస్థలు నాణేన్ని పరీక్షించి, 70 పాయింట్ల స్కేలు మీద నాణ్యత రాసి, ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఇస్తాయి. డబ్బా మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే నాణెం వివరాలు వస్తాయి, చాలావాటికి ఫోటో కూడా. సంఖ్య సరిపోయిందని ఆగిపోవద్దు. నకిలీ డబ్బాల్లో అసలు సంఖ్యలే వేస్తారు. వెబ్‌సైట్ ఫోటోలో ఉన్న గీత, మచ్చ మీ ఎదురుగా ఉన్న నాణెం మీద అదే చోట ఉండాలి. ‘డీటెయిల్స్’ అని రాసి ఉంటే నాణెం అసలుదే, కానీ తోమినదో దెబ్బతిన్నదో అని అర్థం. అమ్మకందారు ఆ మాట దాచి, పక్కనున్న నాణ్యత మాత్రమే శీర్షికలో రాస్తాడు. మన నాణేల్లో తోమినవి చాలా ఎక్కువ, చింతపండు, విభూతి పెట్టి వెండిని మెరిపించే అలవాటు వల్ల. ఒకే దిక్కుగా సాగే సన్నని గీతలు, ఎత్తు భాగాలూ పల్లాలూ ఒకేలా తెల్లగా ఉండటం దాని ఆనవాళ్లు.

గ్రూపుల్లో జరిగే పాటల్లో నిజాయితీపరులైన సేకర్తలు బోలెడుమంది ఉన్నారు. చిల్లర నాణేలు, సిరీస్ నింపుకునే నాణేలు అక్కడ బాగా చవక. హైదరాబాద్ టంకశాల నక్షత్రం గుర్తున్న స్వతంత్ర భారత (రిపబ్లిక్) నాణేలు పోగు చేసుకునేవాళ్లకు అంతకంటే మంచి చోటు దొరకదు. అయితే వాపసు అంతా మాట మీదే. రెండు మూడు వేలకు మించిన నాణెం అక్కడ కొనొద్దు. పాటను ఎగదోసే ఖాతాలు కూడా ఉంటాయి. ఒకే పేరు ఒకే అమ్మకందారు లాట్లన్నిటిలో కనిపించి, ఎప్పుడూ గెలవకుండా ధర మాత్రం పెంచుతుంటే, మీరు మీ గరిష్ఠ ధర ఒక్కసారి చెప్పి ఊరుకోండి.

పార్సిల్ వచ్చాక విప్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి వీడియో తీయండి, చిరునామా కాగితం కనిపించేలా. నాణేన్ని కడగకండి, తుడవకండి. తోమిన నాణేన్ని ఎవరూ వాపసు తీసుకోరు. 0.01 గ్రాము చూపే చిన్న కాటా వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ముందు తూచండి. అరిగిన రూపాయి 11.4, 11.5 గ్రాములు ఉండటం సహజం. అక్షరాలు కొత్తగా మెరుస్తూ తూకం 11 గ్రాములే ఉంటే అనుమానించాలి.

తర్వాత సాంద్రత. గ్లాసు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేయండి. సన్నని దారంతో నాణేన్ని నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడకూ తగలకుండా వేలాడదీయండి. కాటా చూపే అంకెతో నాణెం తూకాన్ని భాగించండి. 11.66 గ్రాముల 91.7 శాతం వెండి రూపాయికి కాటా 1.13 దగ్గర చూపాలి, సాంద్రత 10.3 వస్తుంది. 1.22 చూపితే 9.6, అంటే 50 శాతం వెండి. 1.31 చూపితే 8.9, రాగి-నికెల్ మిశ్రమం. చార్మినార్ రూపాయికి 1.10 రావాలి. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, నీళ్లలో ఒక చుక్క సబ్బు నీరు కలిపితే అవి పోతాయి. మూడుసార్లు చేసి సగటు తీయండి. అయస్కాంతం వెండిని లాగదు. 1947 రూపాయిని మాత్రం గట్టిగా లాగుతుంది, అది నికెల్ కాబట్టి. లాగకపోతేనే దానికి అనుమానం.

తేడా కనిపిస్తే అమ్మకందారుతో ఫోన్‌లో వాదించకుండా, కాటా మీద నాణెం ఉన్న ఫోటో, అంచు ఫోటో జతచేసి గడువు లోపల రాతపూర్వకంగా వాపసు అడగండి. గడువు దాటాక ఎంత గట్టి ఆధారమున్నా పని జరగదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక విషయం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు దేశం నుంచి బయటికి పంపకూడదు. మహబూబ్ కాలపు చార్మినార్ నాణేలన్నీ ఇప్పటికే ఆ లెక్కలోకి వచ్చేశాయి, ఉస్మాన్ అలీఖాన్ తొలి నాణేలు కూడా. ఇలాంటివి ఇండియా నుంచి పోస్టులో పంపుతానని ఈబేలో రాసినవాడు ఆ చట్టాన్ని దాటుతున్నాడు. దారిలో కస్టమ్స్ పట్టుకుంటే నాణెమూ పోతుంది, డబ్బూ చిక్కులో పడుతుంది. అమెరికా, బ్రిటన్‌లో ఎప్పటినుంచో ఉన్న సేకరణల నుంచి అక్కడి వేలం సంస్థలు అమ్మే భారతీయ నాణేలే అక్కడివాళ్లు కొనాలి, బిల్లు మీద ఆ పాత సేకరణ వివరం రాయించుకోవాలి.